కట్ట మీది కంచు ముఖాలు

సికింద్రాబాద్‌నీ హైదరాబాద్‌నీ కలిపే ట్యాంక్‌బండ్ మీద 30కి పైగా విగ్రహాలున్నాయి. 1980లలో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నిలబెట్టినవి. నన్నయ, మొల్ల, వేమన, జాషువా, శ్రీశ్రీ, మఖ్దూం, అందరూ హుస్సేన్‌సాగర్ చెరువుకు వీపు పెట్టి రోడ్డు వైపు చూస్తుంటారు. వాన వెలిసిన ఉదయాల్లో కట్ట మీద ఫొటోలు తీసుకునేవారు చాలామందే. ఎక్కువమంది దిమ్మె పక్కనే నిలబడి, ఫోన్ పైకెత్తి, ఒక్క క్లిక్‌తో సరిపెట్టుకుంటారు. అలా తీస్తే పాదాలు పెద్దవై తల చిన్నదవుతుంది. విగ్రహాన్నీ మనిషిని తీసినట్టే, ముఖం చూసి తీయాలి.

దానికి మొదట కావలసింది దూరం. రోడ్డు అవతలి ఫుట్‌పాత్ నుంచి 85–135 ఎంఎం లెన్స్‌తో తీస్తే తలకూ మొండేనికీ శిల్పి ఇచ్చిన కొలతలు చెడవు.

రెండోది వెలుతురు. చెరువు పడమట ఉంది కనుక పొద్దుటి ఎండ నేరుగా ముఖాల మీద పడుతుంది. తెల్లవారిన తర్వాత మొదటి గంటలో కనుబొమ్మల కింది లోతు, పెదవి అంచు, పంచె మడతలు విడివిడిగా తేలతాయి. మధ్యాహ్నానికి కళ్లు నల్లటి గుంటలవుతాయి. సాయంత్రం ఎదురెండలో మిగిలేది ఆకారమే. వాన వెలిసిన వెంటనే మాత్రం కంచు ఇంకోలా ఉంటుంది: గడ్డం కొసన వేలాడే నీటిబొట్టులో తెల్లని ఆకాశం మెరుస్తుంది, భుజం మీద పిట్టల రెట్ట చారలు కాస్త కరుగుతాయి.

మూడోది ఎక్స్‌పోజర్. ఫ్రేము నిండా నల్లని కంచే ఉంటే కెమెరా దాన్ని బూడిదరంగుకు తెస్తుంది. అప్పుడు ఒక స్టాప్ తగ్గించాలి. వెనుక ఆకాశం, నీళ్లు ఎక్కువగా కనిపిస్తే ముఖం మసిబారుతుంది. అప్పుడు ఒకటి, ఒకటిన్నర స్టాప్‌లు పెంచాలి.

నాలుగోది జనం. ఎవరూ అడ్డు రాకుండా తెల్లవారుజామునే తీయమన్నది పాత సలహా. వెలుతురు లెక్క కూడా ఆ సలహానే బలపరుస్తుంది. దాన్ని పట్టుకునే ముందు ఈ ఊరి ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్‌ను తలచుకోవాలి. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇందోర్‌లో ప్రభుత్వోద్యోగం చేసిన ఆయన 1880లలో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. ఆరో నిజాం 1894లో ఆయనకు ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చారు. బరువైన కెమెరా, గాజు పలకలు మోసుకెళ్లి, ఎండ కుదిరేదాకా కాచుకుని తీసిన చిత్రాలవి. అంత శ్రమ పడి తీసిన కట్టడాల చిత్రాల్లో కొన్నింట మనుషులు ఉంటారు. గోడ పక్కన మనిషి నిలబడితేనే గోడ ఎత్తు తెలుస్తుంది. ఇంజినీరు చదువు చదివినవారికి ఆ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

విగ్రహానికీ అదే వర్తిస్తుంది. ఖాళీ కట్ట మీద తీసిన వేమన ఎంత ఎత్తో తెలియదు, ఎక్కడున్నాడో తెలియదు. మ్యూజియంలో తీశారన్నా నమ్మవచ్చు. దిమ్మె నీడలో మొక్కజొన్న కంకులు కాల్చే మనిషి, పిల్లవాణ్ణి భుజాన ఎత్తుకున్న తండ్రి ఫ్రేములోకి వస్తే ఆ శిల్పాన్ని బజారులో ఎందుకు నిలబెట్టారో అర్థమవుతుంది. కాబట్టి పొద్దున ముఖం కోసం ఒకసారి వెళ్లాలి, సాయంత్రం జనం కోసం మరోసారి వెళ్లాలి. ఒక్క చిత్రమే దాచుకోవాల్సి వస్తే దాచవలసింది సాయంత్రానిదే, ముఖం కాస్త చీకటైనా సరే.

చివరిది చిత్రం కింది రాత. దానికి ముందు అనుమతి సంగతి. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫొటో తీసి ప్రచురించడానికి 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ అనుమతిస్తుంది. కొద్దిరోజుల ప్రదర్శనకు పెట్టిన శిల్పానికి ఈ వెసులుబాటు లేదు. శిల్పి అనుమతి అడగాలి. చట్టం అడగకపోయినా చిత్రం కింద విగ్రహం ఎవరిదో, తెలిస్తే చేసిన శిల్పి ఎవరో, తీసిన తేదీ ఏదో తప్పకుండా రాయాలి. 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమకారుల మిలియన్ మార్చ్ రోజున ఈ కట్ట మీది విగ్రహాలు కొన్ని ధ్వంసమయ్యాయి. తర్వాత మళ్లీ నిలబెట్టారు. ఫొటోలో ఉన్నది పాతదో కొత్తదో రేపు చూసేవారికి చెప్పేది ఆ తేదీయే.