ఒక్క రో అంటే ఏంటి?

బీటెక్‌లో డీబీఎంఎస్ మినీ ప్రాజెక్టు అనగానే టాపిక్కులు ముందే ఖాయం: లైబ్రరీ, హాస్పిటల్, హాస్టల్ మెస్. ఏటా ఇవేనా అని విసుక్కునే లెక్చరర్లున్నారు. నాకు మాత్రం లైబ్రరీ అంటేనే ఇష్టం. రోజూ చూసేదే కదా అని పిల్లలు ధీమాగా దిగుతారు. ఆ ధీమా ఎక్కడ సడలుతుందో అక్కడే పాఠం మొదలవుతుంది.

పని పంచుకునే తీరూ ఏటా ఒకటే. ఒకరికి స్క్రీన్లు, ఒకరికి రిపోర్టు, ఒకరికి పీపీటీ. కాస్త కోడింగ్ వచ్చినవాడి నెత్తిన డేటాబేస్. వాడు ఆ రాత్రికే టేబుళ్లు కట్టేస్తాడు. రికార్డులో పెట్టాలి కాబట్టి, ఆ టేబుళ్లను చూసి చివర్లో ఈఆర్ డయాగ్రమ్ గీస్తారు. పీటర్ చెన్ 1976లో ఆ పద్ధతిని ప్రతిపాదించింది టేబుళ్లకు ముందు ఆలోచించుకోవడానికి. మన దగ్గర అది పెళ్లయ్యాక చూసే జాతకం.

అందుకే కీబోర్డు ముట్టుకునే ముందు ఒక ప్రశ్నకు నలుగురూ ఒకే జవాబు చెప్పాలంటాను: ఈ టేబుల్‌లో ఒక్క రో అంటే ఏంటి?

బుక్స్ టేబుల్ చూడండి. పేరు, రచయిత, ఎడిషన్, కాపీలు 5. ఒక్క రో అంటే ఒక పుస్తకం. బాగానే ఉంది. ఆ అయిదింట్లో ఒకటి పోయింది. ఏది? ఎవరి దగ్గర ఉండగా? అయిదును నాలుగు చేయడం తప్ప ఆ టేబుల్‌కి ఇంకేమీ చేతకాదు. అప్పుడు పిల్లల్ని లైబ్రరీకి పంపిస్తాను. లైబ్రేరియన్ గారు యాక్సెషన్ రిజిస్టర్ తెరిచి చూపిస్తారు. ఒకే పుస్తకం అయిదు కాపీలొస్తే అయిదు లైన్లు, అయిదు నంబర్లు. పుస్తకం లోపల స్టాంపు పక్కన ఉండేది ఆ నంబరే. 'మేం ఇచ్చేది కాపీని బాబూ, నంబరు లేకుండా ఎవరికిచ్చామో ఎలా తెలుస్తుంది?' అంటారావిడ. కంప్యూటర్ రాకముందు నుంచీ ఆ రిజిస్టర్ ప్రైమరీ కీతోనే నడుస్తోంది. టీమ్ తిరిగొచ్చి బుక్స్‌ని రెండుగా విడదీస్తుంది: టైటిల్ ఒకటి, కాపీ ఒకటి.

తర్వాత రచయితలు. పిల్లలు చదివే డేటాబేస్ పుస్తకాన్నే తీసుకుందాం. సిల్బర్‌షాట్జ్, కోర్త్, సుదర్శన్ ముగ్గురూ కలిసి రాశారు. ముగ్గురి పేర్లనూ కామాలతో ఒకే గడిలో కుక్కితే, 'సుదర్శన్' అని వెతికినప్పుడు ఆ అక్షరాలున్న మరో పేరు కూడా వచ్చిపడుతుంది. రచయిత 1, 2, 3 అని మూడు గడులు పెడితే నలుగురు రాసిన పుస్తకం రానే వస్తుంది. దీనికి విడిగా ఒక టేబుల్ కావాలి. అందులో ఒక్క రో అంటే ఒక రచయితకూ ఒక పుస్తకానికీ ఉన్న సంబంధం. 'మరి ఎవరి పేరు ముందు రావాలో ఎక్కడ రాయాలి సార్?' అని ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. ఆ వరస రచయితదీ కాదు, పుస్తకానిదీ కాదు. ఆ సంబంధానిది. కాబట్టి అది ఆ టేబుల్‌లోనే ఉండాలి. ఇలా అడగడం అలవాటైతే నార్మలైజేషన్ నిర్వచనాల బట్టీ సగం తగ్గుతుంది.

ఎక్కువమంది బోల్తా పడేది ఇష్యూ టేబుల్ దగ్గర. రోల్ నంబరూ యాక్సెషన్ నంబరూ కలిపి ప్రైమరీ కీ అంటారు. డెమోలో ఏ ఇబ్బందీ రాదు. కానీ ఓ విద్యార్థి కాపీ తిరిగిచ్చేసి, పరీక్షల ముందు అదే కాపీని మళ్లీ తీసుకుంటే 'డూప్లికేట్ ఎంట్రీ' అని మైఎస్‌క్యూఎల్ మొండికేస్తుంది. దాని తప్పేం లేదు. ఒక్క రో అంటే ఈ మనిషి, ఈ కాపీ అని దానికి చెప్పారు. నిజానికి ఒక్క రో అంటే ఒకసారి తీసుకెళ్లడం.

టేబుళ్లు కట్టే పనిని ఇద్దరికి పంచినా మాట్లాడుకోకపోతే గొడవే. స్టూడెంట్స్ టేబుల్ కట్టినవాడు రోల్ నంబరును ఇంటిజర్ అన్నాడు, ఇష్యూ టేబుల్ కట్టినమ్మాయి వార్‌చార్ అంది. ఫారిన్ కీ పెట్టబోతే రెండూ పొసగవని ఎర్రర్. పంచాయితీ నా దగ్గరికొచ్చింది. మీ హాల్‌టికెట్లు తీయండన్నాను. జేఎన్‌టీయూ నంబరులో పది స్థానాలు, మధ్యలో ఇంగ్లిష్ అక్షరాలు. చివరి రెండు స్థానాలు 99 దాటితే ఏ0 అని మొదలవుతాయి. వాడు మారుమాట్లాడకుండా టేబుల్ మార్చుకున్నాడు.

ఎడ్గార్ కాడ్ ఐబీఎమ్‌లో పనిచేస్తూ 1970లో రిలేషనల్ మోడల్‌ను ప్రతిపాదించారు. డేటా మెషీన్‌లో ఎక్కడ, ఏ రూపంలో ఉందో వాడేవాళ్లు తెలుసుకోవాల్సిన పని ఉండకూడదన్నది ఆయన పట్టుదల. అంతకుముందు ఒక రికార్డు నుంచి ఇంకో రికార్డుకు దారి ప్రోగ్రామరే వెతుక్కుంటూ పోవాల్సి వచ్చేది. ఆ బరువు దిగాక మనకు మిగిలిన పని, ఏది ఏమిటో తేల్చుకోవడం. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ చేసిపెట్టదు. ఇప్పుడు ఏఐని అడిగితే నిమిషంలో టేబుళ్లు రాసిస్తోంది, పిల్లలూ అడుగుతున్నారు. అడగనివ్వండి. మన లైబ్రరీలో రిఫరెన్స్ కాపీని ఇంటికిస్తారా, లెక్చరర్‌కీ విద్యార్థికీ గడువు ఒకటేనా అన్నది మాత్రం లైబ్రేరియన్ గారు చెప్పాల్సిందే.

వైవాలో నలుగుర్నీ విడివిడిగా పిలుస్తాను. ఏదో ఒక టేబుల్ చూపించి అదే ప్రశ్న వేస్తాను. రిపోర్టు రాసినవాళ్లూ, పీపీటీ చేసినవాళ్లూ చెప్పాల్సిందే. నాలుగు రకాల జవాబులొస్తే స్క్రీన్లు ఎంత ముచ్చటగా ఉన్నా మార్కులు పడవు. రేపు ఆ టేబుల్‌లోకి చేరే డేటా కూడా నాలుగు రకాలుగానే ఉంటుంది మరి.