ఈక నడుమ నలుపు

నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డిమైదానంలో జనవరి పొద్దు. గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. మట్టిరంగు పిట్ట ఒకటి గబగబా పరిగెత్తి, ఆగి, మెడ నిక్కించి నిలబడింది. నేను గంటసేపటి నుంచీ దాని వెనకాలే తిరుగుతున్నాను.

"నేలపిచ్చుకే గదా సారూ, దానికోసం ఇంతసేపా?" అన్నాడు గొర్రెలు తోలుకొస్తున్న పెద్దాయన.

అది పిపిట్. ఏడాది పొడవునా మన పొలాల్లోనే ఉండే ప్యాడీఫీల్డ్ పిపిట్ ఒకటి. చలికాలానికి మంగోలియా వైపు నుంచి వచ్చే రిచర్డ్స్, బ్లైత్స్ పిపిట్లు రెండు. మూడూ ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి. మన పిట్ట కాస్త చిన్నది, పదిహేను సెంటీమీటర్లు. రిచర్డ్స్ పెద్దది, కాళ్లు పొడుగు, వెనక గోరు మరీ పొడుగు. ఈ రెంటి నడుమది బ్లైత్స్, దానితోనే చిక్కు. గోరు చూద్దామంటే పాదం గడ్డిలో కనపడదు.

అందుకే రెక్క చూడాలి. మడిచిన రెక్క పైభాగాన పొట్టి ఈకల వరుస ఒకటుంటుంది, మీడియన్ కవర్ట్స్ అంటారు. ఎదిగిన బ్లైత్స్‌కు ఆ ఈకల నడుమ నలుపు పలకలా చదరంగా తెగి ఉంటుంది, చుట్టూ లేత అంచు. రిచర్డ్స్‌కు ఆ నలుపు కిందికి మొనదేలి, అంచుల్లో కలిసిపోతుంది. చదవడానికి తేలికే.

కొన్నేళ్ల కిందట మొనదేలిన నలుపు చూసి రిచర్డ్స్ అని రాసుకున్నాను. రాత్రి ఫొటో పెద్దది చేసి చూస్తే అంచు తెల్లగా, గీత గీసినట్టు ఉంది. అది ఆ ఏడు పుట్టిన పిల్ల, ఇంకా రాలని చిన్ననాటి ఈక. ఆ ఈకలు బ్లైత్స్ పిల్లలకూ మొనదేలే ఉంటాయి. పేరు కొట్టేసి 'పిపిట్' అని మాత్రం ఉంచాను. జాబితాలో ఒక జాతి తగ్గింది. తప్పు పేరు రాసి ఉంచడం నాకు సాధ్యం కాదు. ఏ పక్షి ఎక్కడ చలికాలం గడుపుతుందో రేపు ఎవరైనా లెక్క తీసేది ఇలాంటి నోటు పుస్తకాల నుంచే.

కూత వినపడితే సగం పని అయినట్టే. మన పిట్టది పొట్టిగా 'చిప్ చిప్'. రిచర్డ్స్‌ది బొంగురుగా, గట్టిగా 'ష్రీప్'. బ్లైత్స్ కూత దానికన్నా మెత్తన, వెనకాల ఒక్కోసారి 'చప్ చప్' మని తగులుతుంది. లేచి ఎగిరేటప్పుడే ఎక్కువగా కూస్తాయి.

గొర్రెల అలికిడికి పిట్ట లేచింది. 'ప్షీ', ఆ వెంటనే 'చప్ చప్'. పెద్దాయనకు చెప్పాను, ఇది మంగోలియా దిక్కు నుంచి వచ్చిందని. "ఇంత పిట్టా?" అని అది వాలిన చోటుకేసి చూస్తూ నిలబడ్డాడు.

ఆ రోజు పదకొండు పిపిట్లు కనిపించాయి. పేరు రాసింది నాలుగింటికే.