వరస తెలిసిన చేతులు

మన ఉన్నత పాఠశాలల్లో చాలావాటికి లైబ్రేరియన్ ఉండరు. తెలుగు మాస్టారికో సోషల్ టీచరుకో ఆ పని అదనంగా అంటగడతారు. పుస్తకం పోతే స్టాక్ రిజిస్టర్ ముందు జవాబు చెప్పాల్సింది తనే కనుక ఆయన బీరువాకు తాళం వేస్తారు. ఆయన్ను తప్పుపట్టలేం. ఆ తాళం తీయించేది కొత్త గ్రాంటు కాదనీ, పని నేర్చిన నలుగురైదుగురు పిల్లలనీ నా నమ్మకం. నేర్చిన పిల్లల పని దగ్గరగా చూస్తే ఆ నమ్మకం ఎందుకో తెలుస్తుంది.

కొత్త పుస్తకం చేతికి రాగానే మామూలు పిల్లాడు మధ్యకు విరిచి తెరుస్తాడు. నేర్చినవాడు అలా చెయ్యడు. పుస్తకాన్ని వెన్ను మీద బల్లపై నిలబెడతాడు. ముందువైపు కొన్ని పేజీలు, వెనకవైపు కొన్ని పేజీలు మార్చిమార్చి తెరిచి వేలితో నెమ్మదిగా నొక్కుతూ మధ్యకు వస్తాడు. బైండింగు సడలదు, పేజీలు ఊడవు. తర్వాత స్టాంపు. పేరున్న పేజీ వెనక ఒకటి, లోపల ఆ గ్రంథాలయం వాళ్లకే తెలిసిన ఒక పేజీ మీద ఇంకొకటి. మొదటి పేజీ ఎవరైనా చింపేసినా రెండో ముద్ర పుస్తకం ఎవరిదో చెబుతుంది. ఆ తర్వాత రిజిస్టరులో నంబరు. ఒక పుస్తకానికి ఇచ్చిన నంబరు అది పోయినా మరో పుస్తకానికి రాదు. ఎనిమిదో తరగతి పిల్లకు ఇది ఒకసారి చెబితే చాలు, పెద్దవాళ్ల కంటే కచ్చితంగా పాటిస్తుంది.

లేబులు అతికించేటప్పుడు అట్టముక్కను కొలతగా కత్తిరించి పెట్టుకుంటారు. దాన్ని పుస్తకం అడుగుకు ఆనించి, పై అంచు వచ్చినచోట లేబులు అతికిస్తారు. అరలో లేబుళ్లన్నీ ఒకే ఎత్తులో నిలుస్తాయి. నడుమ పిన్ను కొట్టిన పల్చటి పిల్లల కథల పుస్తకాలకు వెన్నే ఉండదు కదా, వాటికి ముందు అట్ట మీద కింది ఎడమ మూల.

అసలు విద్య సర్దడంలో ఉంది. విషయానికో నంబరు ఇచ్చే డ్యూయీ పద్ధతిలో సూర్యుడి పుస్తకాలకు 523.7, గురుగ్రహానికి 523.45. పిల్లలు మొదట గురుగ్రహాన్ని సూర్యుడి తర్వాత పెడతారు, నలభై అయిదు ఏడు కంటే పెద్దది కనుక. లెక్కల క్లాసులో మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. దశాంశ బిందువు తర్వాత అంకెలను ఒక్కొక్కటిగా పోల్చాలని బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది, అర ముందు నిలబడి పుస్తకం అటూ ఇటూ జరిపితే ఎక్కుతుంది.

తెలుగు సాహిత్యం, అంటే 894.827 అర, ఇంకా చిక్కు. రచయితల వరస గుణింతం ప్రకారం నడుస్తుంది: కాళోజీ, కుందుర్తి, కొడవటిగంటి. ఒకటో తరగతిలో వల్లెవేసిన గుణింతానికి ఇలాంటి ఉపయోగం ఉందని చాలామందికి ఇక్కడే తెలుస్తుంది. ఇక కలం పేర్లు. తెనాలి చక్రపాణి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. ఆయన పుస్తకం ‘ఆ’లో పెట్టాలా, ‘చ’లో పెట్టాలా? గుడిపాటి వెంకటచలం ‘గు’లోనా, చలంగా ‘చ’లోనా? అడిగేవాళ్లు ఏ పేరుతో అడుగుతారో అక్కడ పెట్టడమే మేలు. రెండో పేరు దగ్గర ‘అక్కడ చూడండి’ అని చీటీ ఉంచాలి. ఏది ఎంచుకున్నా అన్ని పుస్తకాలకూ అదే పాటించాలి, అంతే.

నేర్పే పద్ధతిలోనూ నేర్పరితనం ఉంది. తెలివైన మాస్టారు మొదట పుస్తకాలు ముట్టనివ్వరు. నంబర్లు రాసిన చీటీలు కలిపేసి వరసగా పేర్చమంటారు. అది వచ్చాక అరలో కొన్ని పుస్తకాలను కావాలనే తప్పుచోట పెట్టి, పట్టుకోమంటారు. పిల్లలకు అది ఆట. ఆ తర్వాత ఒక్కొక్కరికి ఒక అర పూర్తిగా అప్పగిస్తారు. అందరికీ అన్నీ అప్పగిస్తే ఎవరిదీ కాదు. ‘నా అర’ అన్న మాట వచ్చిందంటే సగం పని అయినట్టే. పుస్తకాల మోతకూ బల్లలు తుడవడానికీ పిల్లల్ని వాడుకుని దానికి శిక్షణ అని పేరు పెట్టేవాళ్లూ ఉన్నారు, అది వేరే సంగతి.

సర్దిన పుస్తకాలను కాపాడుకోవాలి కూడా. బాపట్ల, రేపల్లె వైపు సముద్రపు గాలి. గోడకు ఆనించిన పుస్తకాలకు చెమ్మ పడుతుంది, చెదలు వస్తాయి. బీరువాకూ గోడకూ మధ్య జానెడు ఖాళీ ఉందో లేదో చూడడం కూడా ఈ పిల్లల పనే. చిరిగిన పేజీకి సెల్లోటేపు వేయకూడదు, ఏళ్లు గడిస్తే పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. పల్చటి కాగితమూ మైదా జిగురూ చాలు. బైండింగువాళ్లు జిగురులో కలిపే మైలుతుత్తం విషం, దాని జోలికి పిల్లల్ని పోనివ్వకూడదు.

వీటన్నిటికంటే కష్టమైనది మాట. పదో తరగతి కుర్రాడు బొమ్మల పుస్తకం అడిగితే నవ్వకుండా ఇవ్వాలి. ఎవరు ఏం చదువుతున్నారో బయట చెప్పకూడదు. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో రాసిన అయిదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయాలని. పాఠకుడి పరువు కూడా కాపాడాలని నేను చేరుస్తాను.

తెనాలి ప్రాంతం ఇలాంటి పని ఎప్పుడో చూసింది. ఆ ఊరికి దగ్గరలోని పెదపాలెం మనిషి పాతూరి నాగభూషణం 1935లో పుస్తకాలను పడవకెక్కించి కాలువ మీద కొల్లూరు దాకా ఊరూరా పంచారు. గ్రంథాలయానికి భవనమూ పుస్తకాలూ ఉంటే చాలదని ఎరిగిన మనిషి, కార్యకర్తలకు శిక్షణ తరగతులూ నడిపారు. పడవలో చోటు తక్కువ, రేవులో ఆగే సమయం తక్కువ. అడిగిన పుస్తకం వెంటనే చేతికందాలంటే వరస తప్పకూడదు. బయట చూసినా, జపాన్‌లో చాలా బడుల్లో గ్రంథాలయం పని విద్యార్థి కమిటీలదే. విరామ సమయంలో పుస్తకాలిచ్చేదీ తీసుకునేదీ వాళ్లే.

మన బడుల్లో పదో తరగతి వాళ్లకు పరీక్షల ఒత్తిడి ఉంటుంది కనుక జూన్‌లో ఎనిమిదో తరగతి పిల్లల్ని తీసుకోవడం మంచిది. వాళ్లు తొమ్మిదికి వచ్చాక కొత్తవాళ్లకు నేర్పుతారు. వేసవి సెలవులకు ముందు పాతవాళ్లూ కొత్తవాళ్లూ జంటలుగా కూర్చుని, ఒకరు రిజిస్టరులో నంబరు చదువుతుంటే మరొకరు అరలో పుస్తకం చూపించాలి. కనిపించని నంబర్లు ఎర్ర సిరాతో విడిగా రాసి, మాస్టారి సంతకం పెట్టించాలి. పోయినవి కొన్ని ఉంటాయి. ఆ జాబితా చూసి హెడ్మాస్టరు మళ్లీ బీరువాకు తాళం వేయించకుండా ఉంటే చాలు.