ఒక్కసారి ఆన్ చేసి చూశానండీ

తడిసిన ఫోన్ పట్టుకొచ్చినవాళ్లు మొదటి మాటలో నిజం చెప్పరు. "కొంచెం తడి తగిలిందండీ, అంతే" అంటారు. సిమ్ ట్రే లాగి ఆ సందులోకి లైటు కొడితే, తెల్లగా ఉండాల్సిన చిన్న చుక్క ఎర్రబడి ఉంటుంది. నీళ్లు తగిలితే రంగు మారే స్టిక్కరు అది. వారంటీ అడిగేవాళ్లతో వాదన లేకుండా చాలా ఫోన్లలో కంపెనీవాళ్లే అంటించి పెడతారు. అది చూపించాక రెండో మాట వస్తుంది: "బాత్రూంలో పడింది." బాత్రూంలో ఎక్కడని నేను అడగను. గ్లౌజులు తొడుక్కుంటాను.

నాకు కావాల్సింది మూడో మాట. పడ్డాక ఏం చేశారు? "తుడిచి, ఒక్కసారి ఆన్ చేసి చూశానండీ." ఇంచుమించు అందరిదీ ఇదే జవాబు. ఆన్ అయిందట, బొమ్మ కూడా వచ్చిందట, హమ్మయ్య అనుకుని ఛార్జింగ్ పెట్టి పడుకున్నారట. తెల్లారేసరికి ఉలుకూ పలుకూ లేదు. విజయవాడలో ఈ బల్ల ముందు కూర్చోవడం మొదలుపెట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, నీళ్లు చేసిన నష్టం కంటే ఆ ఒక్కసారి చేసిన నష్టమే ఎక్కువ.

కరెంటు లేని బోర్డుని నీళ్లలో ముంచితే పెద్దగా ఏమీ కాదు. కడగడానికి నేనే ముంచుతుంటాను. గొడవంతా బ్యాటరీ తగిలించి ఉన్న బోర్డుతోనే. కుళాయి నీళ్లలోనైనా బోరు నీళ్లలోనైనా లవణాలు ఉంటాయి, అందుకే వాటిలో కరెంటు నడుస్తుంది. బ్యాటరీ ఇచ్చే నాలుగు వోల్టులు చాలు. ప్లస్ వైపున్న రాగి కరిగి నీళ్లలో కలుస్తుంది, మైనస్ వైపు చేరి సన్నటి కొమ్మలు వేస్తుంది. ఆ కొమ్మ పాకి రెండు లైన్లని కలిపిందా, షార్టు. మిగతాచోట్ల పచ్చగా, తెల్లగా చిలుము. చింతపండుతో తోమిన రాగిచెంబులా బోర్డు కూడా కడిగితే కొత్తదైపోతుందని ఆశపడతారు. చిలుము తోమేశాక చెంబుకి అడుగున ఇంకా రాగి ఉంటుంది. బోర్డు మీద గీత ఉన్నదే వెంట్రుకవాసి, చిలుముతోపాటే పోతుంది.

స్విచాఫ్ చేస్తే చాలదా అంటే, చేయకపోవడం కంటే నయం. కానీ ఫోన్ ఆపినా బ్యాటరీ నుంచి నేరుగా వెళ్లే కొన్ని లైన్లలో కరెంటు ఉంటూనే ఉంటుంది. లేకపోతే బటన్ నొక్కినప్పుడు మళ్లీ ఎలా లేస్తుంది? పాత నోకియాలకైతే వెనక మూత తీసి బ్యాటరీ పీకేస్తే సరిపోయేది. ఇప్పుడు బ్యాటరీకి జిగురు, దాని మీద పలకకి ఇంకో జిగురు. అందుకే తడి ఫోన్ చేతికి రాగానే వెనక పలక వేడి చేసి లేపి, బ్యాటరీ కనెక్టరు ఊడదీస్తాను. కూర్చోండి అనడం, పేరు రాసుకోవడం ఆ తర్వాతే.

బియ్యం సంగతి చెప్పకపోతే ఊరుకోరు. 2024 మొదట్లో ఆపిల్ కంపెనీ తన సూచనల్లోనే ఐఫోన్‌ని బియ్యం సంచిలో పెట్టొద్దని, బయటి నుంచి వేడి చూపించొద్దని రాసింది. అయినా మన ఇళ్లలో బియ్యం డబ్బా మీద నమ్మకం తగ్గలేదు. ఛార్జింగ్ సందులో ఇరుక్కున్న నూకల్ని సూదితో తీసేది నేను. షీల్డు రేకుల కింద, ఐసీల అడుగున దాక్కున్న నీటిచుక్క బియ్యానికి అందదు. కాకపోతే ఒక మేలుంది: డబ్బాలో ఉన్నంతసేపూ ఎవరూ ఆన్ చేయరు.

సూర్యలంక బీచికి వెళ్లొచ్చిన ఫోన్లది వేరే కథ. ఉప్పు ఆల్కహాల్‌లో సరిగా కరగదు. కాబట్టి ఆ బోర్డుని ముందు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, తర్వాతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగాలి. నీళ్లలో పడ్డ ఫోన్‌ని మళ్లీ నీళ్లలో ముంచుతున్నాడేంటని కస్టమరు నా మొహంలోకి చూస్తాడు. కొబ్బరినీళ్లు, టీ, కూల్‌డ్రింకు పడ్డవీ అంతే. వీటన్నిటిలోకీ వాననీళ్లే మర్యాదస్తులు.

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వాగు పొంగి మా సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు వచ్చినవి ఏ లెక్కలోకీ రావు. నీళ్లు కాదవి, మురుగూ ఒండ్రూ. స్పీకరు జాలీల్లోంచి బురద గీరాల్సి వచ్చింది. అప్పుడు నేను చేసిన ఉపకారాల్లో తేలికైనది సిమ్ తీసి, తుడిచి, ఆరబెట్టి ఇంకో ఫోన్‌లో వెయ్యడం. సిమ్ మీద పల్చటి బంగారు పూత ఉంటుంది, నీళ్లకి అంత తొందరగా లొంగదు. నంబరు బతికితే ఓటీపీ వస్తుంది, ఓటీపీ వస్తే బ్యాంకు, గ్యాసు, అన్నీ కదులుతాయి. ఆ నాలుగు రోజులూ చాలామందికి ఫోన్ కంటే సిమ్మే ముఖ్యమైంది.

అప్పుడొచ్చినవాళ్లలో ఒక వంట మేస్త్రి ఉన్నారు. ఫోన్ చవకరకం, రిపేరు ఖర్చుకి సెకండ్ హ్యాండ్‌ది ఇంకొకటి వస్తుంది. అదే చెప్పాను. "ఫోన్ నాకెందుకు బాబూ, కార్తీకంలో పెళ్లిళ్ల లెక్కలన్నీ అందులో ఉన్నాయి" అన్నారు. ఎవరింటికి ఎంతమంది, ఏ ఐటమ్‌లు, ఎంత అడ్వాన్సు, అన్నీ వాయిస్ మెసేజ్‌లే. కాగితం మీద ముక్క లేదు. బ్యాకప్ అనే మాట ఆయన విననే లేదు.

వెనకటికైతే మెమరీ చిప్ లేపి విడిగా చదివేవాళ్లం. ఆండ్రాయిడ్ 10 వచ్చాక కొత్త ఫోన్లన్నిటికీ ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి అయింది. తాళంచెవి ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటుంది. చిప్ ఒక్కటే చేతిలో ఉంటే చెత్త అక్షరాలే. అంటే ఆ బోర్డు ఒక్కసారైనా లేవాలి, యజమానికి లాక్ నంబరు గుర్తుండాలి.

రేకులు విప్పి, అల్ట్రాసోనిక్ తొట్టిలో కడిగి, మెత్తటి బ్రష్‌తో మూలమూలలా తోమి ఆరబెట్టాను. బ్యాటరీ బదులు పవర్ సప్లై తగిలించాను. బటన్ నొక్కకముందే మీటరు మీద అంకె లేచింది, అంటే ఎక్కడో లీకు. ఎక్కడని? బోర్డంతా రోజిన్ పొగ పట్టించాను. తెల్లటి పొడి పూతలా పరుచుకుంటుంది. షార్టున్న లైనులోకి కొద్దిగా వోల్టేజి వదిలి మైక్రోస్కోపులో చూస్తూ కూర్చోవాలి. కాసేపటికి ఒకచోట తెలుపు కరిగి, తడి మచ్చలా మెరిసింది. దాని కింద 0.6 మిల్లీమీటర్ల పొడుగున్న కెపాసిటరు, ఒక పక్క పచ్చగా చిలుము. ఆ షార్టంతా దానిదే. ఇలాంటి ఫిల్టరు కెపాసిటర్లలో ఒకటి తీసేసినా లైను మామూలుగానే నడుస్తుంది. ట్వీజర్‌తో లేపేశాను. మీటరు సున్నాకి దిగింది. బటన్ నొక్కితే అంకె పెరుగుతూ, తగ్గుతూ ఆడింది. మా పనిలో అంతకంటే మంచి శకునం లేదు. డిస్‌ప్లే ఇంకో ఫోన్‌ది తగిలించాను, కెమెరాలు, స్పీకర్లు పక్కనపెట్టాను. లోగో కనపడగానే కేబుల్ పెట్టి కాపీకి వేశాను.

"అయితే ఫోన్ బాగైనట్టేగా?" అన్నారు మేస్త్రి.

"లేదు బాబాయ్, కాపీ అయ్యేదాకా బతికితే చాలు."

వాటర్ ఫోన్ దగ్గర మెకానిక్ మొదట తేల్చుకోవాల్సిన సంగతి ఇదేనని నా నమ్మకం: కస్టమరుకి ఫోన్ కావాలా, అందులో ఉన్నవి కావాలా? రెండూ వేర్వేరు పనులు. ఉన్నవి తీసివ్వడమైతే మాట ఇవ్వగలిగిన సందర్భాలున్నాయి. ఫోన్‌కి మాత్రం ఇవ్వలేను. ఐసీ అడుగున మిగిలిపోయిన తేమ నెల తర్వాత స్పీకర్ని తీసుకుపోవచ్చు, ఉబ్బిన బ్యాటరీ అయితే ప్రమాదం కూడా. "వాటర్ ఫోన్‌కి గ్యారంటీ లేదు" అని ప్రతి షాపులో రాసి ఉంటుంది. మోసం కాదది, ఉన్నమాట. మోసమల్లా అదే ఫోన్‌ని కడిగి, పాలిష్ పెట్టి, తడిసిన సంగతి చెప్పకుండా సెకండ్ హ్యాండ్‌లో అమ్మేవాళ్లది.

ఇక ఐపీ67, 68 అని పెట్టె మీద చూసి ఈత కొట్టేవాళ్లు. 67 అంటే ఒక మీటరు లోతు, 30 నిమిషాలు, మంచినీళ్లు, అదీ కొత్త ఫోన్‌కి ల్యాబ్‌లో. ఒకసారి కిందపడ్డా, ఒకసారి డిస్‌ప్లే మార్చినా ఆ జిగురు అంచు పాతదవుతుంది. ఈతకొలనుల్లో, సముద్రంలో వాడుకోవచ్చన్నట్టు గెలాక్సీ ఫోన్లకి ప్రకటనలిచ్చినందుకు 2022 జూన్‌లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు శాంసంగ్‌కి కోటీ 40 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది.

యూరోపియన్ యూనియన్‌లో 2027 ఫిబ్రవరి నుంచి, కొనుక్కున్నవాడే బ్యాటరీ విప్పి మార్చుకునేలా వస్తువులు తయారుచేయాలన్న నిబంధన వస్తోంది. తమాషా ఏమిటంటే, నీళ్లు దూరకుండా, బ్యాటరీ చాలాకాలం మన్నేలా చేసిన ఫోన్లకి సడలింపు ఉంది. కంపెనీలు ఏ దారి పడతాయో ఊహించడం కష్టం కాదు. ఒకవేళ నిజంగానే చేత్తో ఊడే బ్యాటరీ మన బజారుకి మళ్లీ వస్తే, నా తడి ఫోన్ల బేరం సగం పడిపోతుంది. పడిపోనీండి, పగిలిన డిస్‌ప్లేలకి ఈ ఊళ్లో కరువేమీ లేదు.