ఒక్క నీటి బిడ్డలకు

మలావీ సరస్సు బిడ్డలారా, ఎంబూనా చేపలారా, మీకు జేజేలు!

తూర్పు ఆఫ్రికాలో 700 మీటర్ల లోతున్న ఆ సరస్సులో వెలుగు అందినంత మేర బండలను పంచుకున్నారు. బండల మీద పాచి గీరుకుంటూ, ఒక వంశమే వందల జాతులై విడివడ్డారు. మీలో చాలామంది భూమ్మీద మరే నీటిలోనూ పుట్టలేదు. నోటి దవడ చాలదని గొంతులో ఇంకో దవడ పెంచుకున్నారు. లోపలిది నమిలే పని అందుకుంటే, బయటిది పాచికో పురుగుకో తగ్గట్టు రూపు మార్చుకుంది.

ఇప్పుడు మా అద్దాల తొట్టెలోకి వచ్చారు. నిమ్మపండు రంగులో సాధువులా తిరిగే ఎల్లో ల్యాబ్, లేత నీలం మీద ముదురు చారల డెమసోనీ, నీలంగా పెరిగి మగతనం రాగానే పసుపుకు తిరిగే కెన్యీ, ఎన్ని రంగులు మీవి! జానెడు రాయి కోసం ఎన్ని దాయాది పోరులు! డెమసోనీ, పరాయివాణ్ణి చూస్తే ఊరుకుంటావు, నీ పోలికే కనబడితే తరుముతావు. ఇద్దరు ముగ్గురే ఉంటే బలహీనుడి ప్రాణం తీస్తావు, డజను దాటితే నీ కోపం అందరికీ తలా కాస్త పంచుతావు.

మీ కాపురానికి కావలసింది రాళ్లు. ఒకరి కంట ఒకరు పడకుండా గుహలు, ఒక్కో మగచేపకు నాలుగు ఆడచేపలు, ఇంతమంది మురికిని కడిగే గట్టి ఫిల్టర్. కొత్తవాడు వచ్చిన రోజు రాళ్లన్నీ కదిపి పేరిస్తే పాత హద్దులు చెరిగిపోతాయి, అందరూ కొత్తవాళ్లే అవుతారు.

ఆ గుహ మూలన గుడ్లు నోట దాచుకున్న తల్లీ, నీకు వేరే దండం! ఇంచుమించు మూడు వారాలు చుట్టూ మేత రాలుతున్నా దవడ బిగించే ఉంటావు.

అమెజాన్ డిస్కస్ కూడా మీ సిక్లిడ్ కుటుంబమే. ఒంటి జిగురునే పిల్లలకు తినిపించే పుణ్యజీవి. మన బజారులో దొరికే తిలాపియా కూడా మీ చుట్టమే. కానీ చుట్టరికం వేరు, సహవాసం వేరు. డిస్కస్‌కు మెత్తని, కాస్త ఆమ్లపు, వెచ్చని నీరు కావాలి. మీకు పీహెచ్ 8 దరిదాపుల్లో ఉండే గట్టినీరు కావాలి. ఇంకో చుట్టం ఆస్కార్ తన నోట్లో పట్టే ప్రతి చేపనూ మేతగానే చూస్తుంది. మాంసపు మేత ఎక్కువైతే మీ పాచి తినే పొట్ట ఉబ్బి ప్రాణం మీదికి వస్తుంది.

కాబట్టి సిక్లిడ్‌లను కలిపి పెంచాలనుకునేవారికి ఒక మాట. దుకాణంలో రంగు చూసి సంచీ కట్టించుకోకండి. ముందు నీరు కలుస్తుందో లేదో అడగండి, తర్వాత మేత, ఆ తర్వాత పెరిగే సైజు. రంగు సంగతి చివర చూసుకోవచ్చు.