ఓల్కారియా పనితనం

కెన్యాలో నైవాషా సరస్సు పక్కన ఓల్కారియా ఉంది. అక్కడ భూతాప విద్యుత్తు కోసం వేసే బోర్లు కొన్ని మూడు కిలోమీటర్ల లోతుకు దిగుతాయి. డ్రిల్లింగ్ నడుస్తున్నంతసేపూ లోపలి రాతిముక్కలు నీళ్లతో పైకి కొట్టుకొస్తుంటాయి. రెండేసి మీటర్లకోసారి పిడికెడు ముక్కలు పట్టి, కడిగి, మైక్రోస్కోపు కింద పెడతారు. పిస్తా రంగు ఎపిడోట్ కనిపిస్తే అక్కడ వేడి 250 డిగ్రీల దాకా చేరిందన్నమాట. అంతమాత్రాన సంబరపడరు. వేడి చల్లారినా ఖనిజం మిగిలిపోతుంది కదా! దాని మీద తర్వాతెప్పుడో కాల్సైట్ పేరుకుందేమో వెతుకుతారు. ఉంటే అనుమానించాల్సిందే. చివరి మాట మాత్రం బోరులోకి దించే ఉష్ణోగ్రత పరికరానిదే.

ఒక్కోసారి ముక్కలు అసలు పైకే రావు. పంపిన నీళ్లన్నీ లోపలి పగుళ్లు తాగేస్తాయి. రిగ్గు మీదివాళ్లకు అది తలనొప్పి, భూగర్భ శాస్త్రవేత్తకు శుభవార్త. ఆవిరికి దారి సాధారణంగా ఆ పగుళ్లే.

ఈ చూపు ఊరికే రాలేదు. 1950ల్లో తవ్విన తొలి రెండు బోర్లు అక్కరకు రాలేదు. ఐక్యరాజ్యసమితి సాయంతో 1970ల్లో మళ్లీ మొదలుపెడితే, 1981లో 15 మెగావాట్ల మొదటి యూనిట్ తిరిగింది. ఐస్‌లాండ్‌లో ఆరు నెలల శిక్షణకు కెన్యా ఏళ్ల తరబడి తన ఉద్యోగులను పంపింది. 2005 నుంచి నైవాషా దగ్గరే పొరుగు దేశాలవాళ్లకూ తరగతులు పెట్టారు. ప్రభుత్వానికి అధిక వాటా ఉన్న కెన్‌జెన్ సంస్థ ఇథియోపియా, జిబూతీలకు వెళ్లి బోర్లు వేసింది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే: పాఠం నేర్చుకున్నవాళ్లే పాఠం చెప్పేదాకా వచ్చారు.

ఆవిరి పడుతుందో లేదో తెలియని బోరు మీద ప్రైవేటు కంపెనీ తేలిగ్గా డబ్బు పెట్టదు. ఆ నష్టభయాన్ని సర్కారే నెత్తినెత్తుకుని, 2008లో అందుకోసమే మరో ప్రభుత్వ సంస్థను పెట్టింది. ఇవాళ కెన్యాలో పుట్టే కరెంటులో 40 శాతానికి పైగా భూమి వేడిదే. ఈ ప్లాంట్ల కోసం ఓల్కారియాలోని మాసాయి కుటుంబాలను ఖాళీ చేయించిన తీరులో మాత్రం ఇంత ఓర్పు కనబడలేదు. ప్రపంచ బ్యాంకు తనిఖీ బృందమే అందులో లోపాలు ఎత్తిచూపింది.

మన మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి కూడా 20 కిలోవాట్ల ప్రయోగాత్మక భూతాప ప్లాంటు పెట్టింది. యంత్రం చిన్నదైతేనేం, దాన్ని చూసుకునే కుర్ర ఇంజనీర్లను కొన్నాళ్లు ఓల్కారియా రిగ్గుల దగ్గరికి పంపమని సింగరేణి పెద్దలకు నా మనవి.