తగరం తెలుపు

మా నాయనమ్మ పులుసు కాచే ఇత్తడి గిన్నెకు ఏడాదికోసారి కళాయి వేయించేది. కళాయి వేసే ఆయన వీధి చివర గుంట తీసి, బొగ్గులు రాజేసి, గిన్నెను బాగా కాల్చేవాడు. నవాసాగరం చల్లి, తగరం కడ్డీ ఆనించి, దూదితో గుండ్రంగా తుడిచేవాడు. గుప్పున తెల్లటి పొగ లేచేది. అది తేలిపోయేసరికి గిన్నె లోపలంతా వెండి మెరుపు. చింతపండు పులుపు తగిలితే ఇత్తడి చిలుము కక్కుతుంది. మధ్యన ఆ పల్చటి పొర ఉందంటేనే నాయనమ్మ ధైర్యంగా వడ్డించేది. తగరపువలస అని మా ఊరి పేరు చెప్పిన ప్రతిసారీ నాకు ఆ పొగ వాసన గుర్తొస్తుంది.

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ పింగాణీ చూస్తూ నిలబడినప్పుడూ ఆ గిన్నే మనసులో మెదిలింది. దొరల భోజనాల బల్లకు నడుమ సూప్ ట్యురీన్ ఉండేది. రెండు పక్కలా పిడులు, పైన మూత ఉన్న పెద్ద పాత్ర అది. ఆ పేరుకు మూలమైన ఫ్రెంచి మాటకు అర్థం మట్టిపాత్ర. పళ్లెం ఎవరిది వారిదే. ట్యురీన్ మాత్రం అందరిదీ, మన వడ్డన గిన్నెలాగే. అందుకే సెట్టు మొత్తంలో పనితనమంతా దాని మీదే కుమ్మరించేవారు.

అక్కడ కూడా తెల్లదనం ముందు తగరంతోనే వచ్చింది. 1709లో యుద్ధ ఖర్చులకు ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ వెండి పాత్రలు కరిగించాడు. ప్రభువులూ తమ వెండి ఇచ్చేసి, తగరం కలిపిన తెల్ల గాజుపూత ఉన్న మట్టి పాత్రల్లో తినడం మొదలుపెట్టారు. ఆ పూతలో అంతకుముందే చేయి తిరిగినవారు హాలండులోని డెల్ఫ్ట్ కుమ్మరులు. 17వ శతాబ్దం నడుమ మింగ్ రాజ్యం కూలి చైనా పింగాణీ రావడం తగ్గిపోతే, తెల్ల పూత మీద నీలి బొమ్మలు గీసి ఆ లోటు తీర్చారు. వాళ్ల దేశంవారే, మన పాత మాటలో వలందావారు, మా గోస్తని నది సముద్రంలో కలిసే భీమిలిలో కోట కట్టుకుని వర్తకం చేశారు. 1825లో ఆ ఊరు ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. వలందావారి సమాధులు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి.

డెల్ఫ్ట్ పాత్ర అంచు పెచ్చూడితే లోపలి మట్టి బయటపడుతుంది. పింగాణీ అలా కాదు. కయోలిన్ కలిసిన మట్టి ముద్ద 1300 డిగ్రీల దాపు వేడిలో గాజులా బిగిసి, లోపలా బయటా ఒకటే తెలుపవుతుంది. యూరప్‌కు ఆ గుట్టు జర్మనీలో బోట్గర్ ప్రయోగాలతో చిక్కింది. 1710లో మైసెన్ కార్ఖానా వెలిసింది. 1737లో అక్కడే కౌంట్ బ్రూల్ అనే ప్రభువు కోసం కాండ్లర్ అనే శిల్పి మొదలుపెట్టిన హంసల సెట్టులో 2,200కు పైగా పాత్రలు!

ఆ పనితనానికి చేతులెత్తి మొక్కుతాను. అయినా ఆ తెలుపు కోసం పడ్డ తపన అంతా నాయనమ్మ తపనే అనిపిస్తుంది. నలుగురూ తినే పాత్ర తనలోని దేన్నీ తిండిలో కలపకూడదు. పింగాణీ ఆ మాట ఒకసారి ఇస్తే చాలు. కళాయి గిన్నె ఏటేటా ఇవ్వాలి, అదీ ఇంట్లో ఎవరో ఒకరు పట్టించుకుంటేనే.

నాయనమ్మ గిన్నె మా అటక మీద ఉంది. మొన్న దింపి చూస్తే అడుగున తగరం అరిగి ఇత్తడి పసుపు కనిపిస్తోంది. సంక్రాంతి లోపల కళాయి వేయించాలి. పులుసు ఆ తర్వాతే.